యాక్-52

యాక్-52 సోవియట్ యూనియన్‌కు చెందిన యాకోవ్లెవ్ డిజైన్ బ్యూరో రూపొందించిన రెండు సీట్ల శిక్షణ విమానం. 1976లో తొలిసారి ఎగిరింది. తయారీ మాత్రం రొమేనియాలోని బకావు పట్టణంలో జరిగింది. సుమారు 1,800 విమానాలు అక్కడి నుంచి బయటికి వచ్చాయి. సైన్యానికి పైలట్లను అందించడానికి పుట్టిన ఈ విమానాన్ని ఇప్పుడు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో ఎందరో సొంత డబ్బుతో కొని, సెలవు రోజుల్లో సరదాగా నడుపుతున్నారు.

నేపథ్యం

యాక్-18 శిక్షణ విమానాల కుటుంబానికి ఇది వారసురాలు. అదే యాక్-18ను మొదట లైసెన్సు మీద తయారుచేసిన చైనా, తర్వాత సొంతంగా నాన్‌చాంగ్ సీజే-6ను రూపొందించుకుంది. 1958లో ఎగిరిన ఆ విమానం కూడా నేడు ప్రైవేటు యజమానుల్లో యాక్‌తో సమానంగా ఆదరణ పొందుతోంది. సోవియట్ యూనియన్‌లో యాక్-52 ఎక్కువగా దోసాఫ్ ఎయిరోక్లబ్బుల్లో పనిచేసింది. సైన్యానికి అండగా యువతకు శిక్షణ ఇచ్చే సంస్థ అది. 1991లో దేశం విడిపోయాక ఈ విమానాలు పెద్ద సంఖ్యలో అమ్మకానికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్, మస్టాంగ్ ఫైటర్లు కొనాలంటే కోట్లు పోయాలి. అందులో చిన్న భాగంతో రేడియల్ ఇంజన్, ముడుచుకునే చక్రాలు, ఏరోబాటిక్స్ చేయగల దేహం ఉన్న విమానం దొరకడంతో యాక్‌కు గిరాకీ పెరిగింది.

కొనేవాళ్లు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎయిరోక్లబ్‌లో ఈ విమానం ఒంటరిగా ఉండేది కాదు. రోజూ విప్పి చూసే మెకానిక్కులు, వెనక సీట్లో కూర్చునే శిక్షకుడు, ఏ రోజు ఏం చేయాలో నిర్ణయించే అధికారి ఉండేవారు. ఇప్పుడు ఆ ముగ్గురి పనీ యజమాని ఒక్కడే చూసుకోవాలి. యాక్‌ను మొండి విమానం అంటారు, నిజమే. దాని మొండితనం మాత్రం ఆ పర్యవేక్షణను లెక్కలోకి తీసుకుని కట్టింది.

ఇంజన్, గాలి

ముక్కులో ఉండేది ఎం-14పీ ఇంజన్. రేడియల్ రకం, అంటే తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా అమరి ఉంటాయి, 360 హార్స్‌పవర్. దీన్ని తిప్పడానికి విద్యుత్ స్టార్టర్ ఉండదు. సీసాలో దాదాపు 50 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో నిల్వ ఉన్న గాలిని నేరుగా సిలిండర్లలోకి వదిలితే పిస్టన్లు కదులుతాయి. చక్రాలు, ఫ్లాప్స్, బ్రేకులు పనిచేసేదీ ఈ గాలితోనే. ఎక్కడైనా చిన్న లీకు ఉంటే వారం తర్వాత హ్యాంగర్ తెరిచేసరికి సీసా ఖాళీగా ఉంటుంది. అందుకే చాలామంది స్కూబా డైవర్ల సిలిండర్ ఒకటి రెగ్యులేటర్‌తో సహా దగ్గర పెట్టుకుంటారు. పైపుల్లో చేరే తేమను క్రమం తప్పకుండా తీసేయకపోతే లోపల తుప్పు పడుతుంది, చలిలో గడ్డకట్టి గాలికి దారి మూసేస్తుంది.

రేడియల్ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నూనె మెల్లగా దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. గాలిని నొక్కినట్టు నూనెను నొక్కలేం. ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే పిస్టన్ నూనెకు ఎదురుకొట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రాలిక్ లాక్ అంటారు. వంగిన రాడ్ అప్పటికప్పుడు విరక్కపోవచ్చు, ఇంజన్ మామూలుగానే మోగవచ్చు. కొన్ని గంటల ప్రయాణం తర్వాత ఆకాశంలో విరగవచ్చు.

నివారణకు కావలసింది ఓపిక. మాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్ ఇచ్చేవి) ఆపి ఉన్నాయని చూసుకుని, అయినా ఇంజన్ ఏ క్షణానైనా అంటుకోవచ్చన్న జాగ్రత్తతో, ప్రొపెల్లర్‌ను తిరిగే దిశలో చేత్తో ఒక్కో రెక్కా లాగుతూ అన్ని సిలిండర్లూ ఒత్తిడి దశ దాటేదాకా తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం ఉపయోగించకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు. వెనక్కి తిప్పితే నూనె ఇన్‌టేక్ పైపులోకి పోయి దాక్కుంటుంది, ఇంజన్ అంటుకోగానే మళ్లీ సిలిండర్లోకి వస్తుంది. అడుగు స్పార్క్ ప్లగ్గులు విప్పి నూనె కారిపోనివ్వడమే సరైన మార్గం. చేతులు మురికవుతాయి, అరగంట పోతుంది. విమానం చుట్టూ చేసే పనుల్లో ఇంతకన్నా విలువైన అరగంట లేదు.

నడపడం

సెస్నా లాంటి చిన్న అమెరికన్ విమానాల మీద నేర్చుకున్న పైలట్‌కు నేల మీదే తేడా తెలుస్తుంది. బ్రేకు మీట స్టిక్ మీద ఉంటుంది, ఏ చక్రానికి ఎంత బ్రేకు పడాలన్నది రడ్డర్ పెడల్స్ నిర్ణయిస్తాయి. ప్రొపెల్లర్ అమెరికన్ ఇంజన్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కాబట్టి టేకాఫ్‌లో విమానం కుడికి లాగుతుంది, ఎడమ రడ్డర్ కావాలి. అసలు పరికరాలు మీటర్లలో, గంటకు కిలోమీటర్లలో చూపిస్తాయి. అడుగులకు, నాట్లకు అలవాటుపడ్డ కళ్లు తడబడే చోటు ఇది.

చక్రాలు ముడిచాక కూడా బయటే ఉంటాయి. విద్యార్థి వాటిని దించడం మరిచి దిగినా దేహానికి పెద్ద నష్టం కలగకూడదని అలా కట్టారు. ప్రొపెల్లర్ చెక్క రెక్కలు మాత్రం విరుగుతాయి, ఇంజన్‌నూ తనిఖీ చేయించాల్సి వస్తుంది.

ఈ విమానం +7, −5 జీ వరకు తట్టుకుంటుంది. ఆ అంకెలే కొందరిని శిక్షణ లేకుండా ఏరోబాటిక్స్‌కు పురిగొల్పుతాయి. స్పిన్‌లో పడినప్పుడు, అంటే విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి పోతున్నప్పుడు, థ్రాటిల్ మూయాలి, తిరిగే దిశకు వ్యతిరేకంగా పూర్తి రడ్డర్ ఇవ్వాలి, ఆ తర్వాత స్టిక్ ముందుకు నెట్టాలి, ఎయిలరాన్లు మధ్యలో ఉంచాలి. ఇంజన్ పవర్ అలాగే ఉండిపోయినా, కంగారులో స్టిక్ పక్కకు పోయినా స్పిన్ చదునుగా మారి, కోలుకోవడానికి మరిన్ని వందల మీటర్లు తినేస్తుంది. అనుభవజ్ఞులు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే యాక్ తెలిసిన శిక్షకుడితో, తగినంత ఎత్తులో, పారాషూట్ కట్టుకుని నేర్చుకోవాలి. సీట్లను పారాషూట్ అమరేలాగే చేశారు.

వదులు వస్తువులు మరో ముప్పు. కాక్‌పిట్ నేల కింద, తోకలో కంట్రోల్ రాడ్లు తెరిచే ఉంటాయి. తలకిందులైనప్పుడు జారిన పెన్ను, నాణెం, ఫోను వాటి మధ్య ఇరుక్కోవచ్చు. బ్రిటన్‌లో కూలిన ఒక యాక్-52 శిథిలాల్లో స్క్రూడ్రైవర్ దొరికింది. ఎక్కే ముందు జేబులు ఖాళీ చేయడం, మరమ్మతు తర్వాత పనిముట్లు లెక్కపెట్టడం ఇక్కడ తప్పనిసరి.

యాజమాన్యం

అమెరికాలో ఈ విమానాలను ఎక్స్‌పెరిమెంటల్ ఎగ్జిబిషన్ వర్గంలో నమోదు చేస్తారు, బ్రిటన్‌లో పర్మిట్ టు ఫ్లై ఇస్తారు. అమెరికాలో ఆ వర్గం విమానంలో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. కొనేముందు రంగు కన్నా లాగ్‌బుక్ ముఖ్యం. దేహం ఎన్ని గంటలు తిరిగింది, ఇంజన్ ఎప్పుడు ఓవర్‌హాల్ అయింది, తొలినాటి విమానమైతే రెక్కల స్పార్‌ను (లోపలి ప్రధాన దూలాన్ని) బలపరిచే మార్పు జరిగిందా అన్నవి చూడాలి. కాగితాలు రష్యన్‌లోనో రొమేనియన్‌లోనో ఉంటే చదివించుకోవాలి. ట్యాంకుల్లో పట్టేది 122 లీటర్లే, కాబట్టి రెండు గంటల లోపే దిగే చోటు చూసుకోవాలి.

యాక్, సీజే-6 యజమానులకు అత్యంత ఇష్టమైనది ఫార్మేషన్, అంటే దగ్గర దగ్గరగా గుంపుగా ఎగరడం. అమెరికాలో రెడ్‌స్టార్ పైలట్స్ అసోసియేషన్ ఇందుకు శిక్షణ శిబిరాలు నడుపుతుంది. ఫాస్ట్ అనే ఉమ్మడి ప్రమాణాల ప్రకారం పరీక్షించి వింగ్‌మన్, లీడర్ కార్డులు ఇస్తారు. అక్కడి ఎయిర్‌షోల్లో గుంపుగా ఎగరాలంటే అలాంటి కార్డు చూపించాలి.