ఆక్విటెన్సు రిజిస్టరు చెప్పే చరిత్ర

పాఠశాల భవనానికి విరాళమిచ్చిన దాతల పేర్లు చలువరాతి ఫలకంపై కనబడతాయి. ఆ భవనంలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుల జీతం ఎక్కడినుండి వచ్చినదో ఏ ఫలకమూ చెప్పదు. అది తెలియాలంటే కార్యాలయపు బీరువాలోని ఆక్విటెన్సు రిజిస్టరు తెరవాలి. బెంగళూరులోని తెలుగు మాధ్యమ పాఠశాలల వంటి భాషా అల్పసంఖ్యాక విద్యాసంస్థల చరిత్రలో సగభాగం ఆ రిజిస్టరులోనే నిక్షిప్తమై ఉన్నది.

ప్రజాధనంతో ప్రైవేటు యాజమాన్యం పాఠశాలను నడిపే పద్ధతికి మన దేశంలో మూలం 1854 నాటి ఉడ్స్ డెస్పాచ్. యాజమాన్యాలు పాఠశాలలు నెలకొల్పాలి, ప్రభుత్వం తనిఖీ జరిపి గ్రాంటు మంజూరు చేయాలి అన్నది దాని సారాంశం. బోధనాభ్యసన శిక్షణ పొందినవారందరూ పరీక్షకోసం దీనిని కంఠస్థం చేసినవారే. అయితే ఆ గ్రాంటు ఉపాధ్యాయుని చేతికి ఏ మార్గాన చేరేదో పాఠ్యగ్రంథాలు అంతగా పట్టించుకోలేదు. గ్రాంటు మేనేజరుకు వచ్చేది, మేనేజరు జీతమిచ్చేవాడు. సంతకం చేసిన మొత్తమొకటి, చేతికందిన మొత్తం మరొకటి అన్న ఫిర్యాదు దక్షిణ దేశమంతటా వినవచ్చింది. ఉపాధ్యాయ సంఘాల తొలినాటి పోరాటం ప్రైవేటు పాఠశాలలను రద్దు చేయమని కాదు. జీతం నేరుగా ఇవ్వాలి, కారణం చూపకుండా తొలగించరాదు అన్నవే వారి కోరికలు.

ఈ కోరికలకు శాసనరూపమిచ్చిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది కేరళలో విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి 1957లో తెచ్చిన విద్యా బిల్లు. స్వయంగా అధ్యాపకుడైన ఆయనకు ఉపాధ్యాయుల కష్టం తెలియనిది కాదు. ఆ బిల్లుపై 1958లో అభిప్రాయం వెలిబుచ్చుతూ సుప్రీంకోర్టు, అల్పసంఖ్యాకులకు తమ సంస్థలను నిర్వహించుకొనే హక్కు ఉన్నదనీ, ఆ హక్కులో దుర్నిర్వహణ చేరదనీ స్పష్టపరచింది. రాజ్యాంగపు 30వ అధికరణం నీడలో నడిచే పాఠశాలలన్నింటికీ ఇది నేటికీ గుర్తుంచుకోదగిన మాట. యాజమాన్యాలు ఈ మాట మొదటి సగాన్నీ, సంఘాలు రెండవ సగాన్నీ తరచుగా ఉదాహరిస్తూ వచ్చాయి!

కర్ణాటకలో ఉపాధ్యాయులకు మరొక వేదిక ఉన్నది. శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గాలనుండి ఏడుగురు సభ్యులు ఎన్నికవుతారు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు మాత్రం ఈ ఓటు లేదు. రాజ్యాంగం మాధ్యమిక స్థాయికి తగ్గనివారికే దానిని పరిమితం చేసింది. వ్యాయామోపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించిన బసవరాజ హొరట్టి 1980లో ఈ మార్గాన మండలిలో ప్రవేశించి, కాలక్రమేణ సభాపతి అయినారు. 1983లో రూపొందిన కర్ణాటక విద్యాచట్టం 1995లో అమలులోకి వచ్చింది. 1995 తరువాత స్థాపితమైన కన్నడ మాధ్యమ పాఠశాలలకు గ్రాంటు ఇవ్వాలన్న కోరిక నాటినుండి ఆగలేదు.

అంతకంటె బాధాకరమైనది ‘కాల్పనిక వేతనం’ సమస్య. పాఠశాలకు గ్రాంటు రాకముందు ఉపాధ్యాయుడు స్వల్ప జీతంతో పనిచేసిన సంవత్సరాలను వేతన నిర్ణయంలో లెక్కించాలని సంఘాలు కోరాయి. 2014లో ప్రభుత్వం చేసిన శాసనం ఆ ఆశకు అడ్డుకట్ట వేసింది. పాఠశాల నిలదొక్కుకొన్నది ఆ సంవత్సరాల శ్రమతోనే గదా! పింఛను పత్రంలో మాత్రం వాటికి చోటు లేదు.

ఇటువంటి వివాదమే అమెరికాలో చార్టర్ పాఠశాలల రూపంలో తలెత్తింది. ప్రజాధనంతో, ప్రత్యేక ఒప్పందంపై, సాధారణ నిబంధనలకు వెలుపల నడిచే ఈ పాఠశాలల ఆలోచనను 1988లో ప్రచారం చేసినవాడు ఉపాధ్యాయ సంఘ నాయకుడు ఆల్బర్ట్ షాంకరే. ఉపాధ్యాయులే కొత్త పద్ధతులు ప్రయోగించే పాఠశాలలను ఆయన ఊహించాడు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. లాభాపేక్షగల సంస్థలు ప్రవేశించడం చూచి, కొద్ది సంవత్సరాలకే ఆయన విమర్శకుడయ్యాడు. మన ఎయిడెడ్ పాఠశాలకూ దానికీ పోలిక ఉన్నా, ముఖ్యమైన భేదమొకటి ఉన్నది. ఇక్కడ ప్రభుత్వ సొమ్ము మంజూరైన ఉపాధ్యాయ పోస్టును అనుసరించి వస్తుంది. అక్కడ ప్రధానంగా విద్యార్థుల సంఖ్యను అనుసరించి పాఠశాలకు చేరుతుంది. జీతం, ఉద్యోగ భద్రత ఎవరి చేతిలో ఉంటాయన్నది ఈ భేదంపైనే ఆధారపడి ఉన్నది.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనకు అప్పగించమనీ, లేదా సిబ్బందిని అప్పగించి ఎయిడ్ లేకుండా నడుపుకొమ్మనీ కోరినప్పుడు ఉపాధ్యాయులు ఇరకాటంలో పడ్డారు. ప్రభుత్వోద్యోగంలో విలీనమైతే వ్యక్తికి భద్రత. అయితే వారు విడిచిన పాఠశాలలో పేదపిల్లలు ఫీజులు కట్టగలరా? విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగగా, నవంబరులో ప్రభుత్వం సమ్మతిని ఉపసంహరించుకొనే అవకాశమిచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఎయిడ్ పొందడం ప్రాథమిక హక్కు కాదనీ, ఈ విషయంలో అల్పసంఖ్యాక సంస్థలకూ ఇతర సంస్థలకూ తేడా లేదనీ తీర్పు చెప్పింది.

బెంగళూరు వంటి నగరంలో తెలుగు మాధ్యమానికి పిల్లలు తగ్గుతున్న కొద్దీ ఈ తీర్పు బరువు తెలుస్తుంది. విద్యార్థుల సంఖ్యను బట్టి పోస్టు నిలుస్తుంది. ఒక తెలుగు పండితుడు పదవీవిరమణ చేస్తే, ఆ ఖాళీ నింపడానికి అనుమతి వచ్చేలోగా ఆ తరగతి పిల్లలు పాఠశాల విడిచి వెళ్ళిపోవచ్చును. అంతవరకు యాజమాన్యం గౌరవవేతనంపై మరొకరిని నియమిస్తుంది. ఒకే ఉపాధ్యాయ విశ్రాంతి గదిలో, ఒకే పాఠం చెప్పే ఇద్దరు, నెలాఖరున రెండు వేర్వేరు రిజిస్టర్లలో సంతకం చేస్తారు.