ఎక్స్‌రే పల్సార్లు – బెంగళూరు పరిశోధన

భారీ నక్షత్రానికి జంటగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం, దాని నుంచి వీచే వాయువును తనవైపు లాగుకొంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఆ వాయువును ధ్రువాల వద్దకు మళ్లిస్తుంది. అక్కడ అది కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్ కిరణాలను వెలువరిస్తుంది. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుండడం వలన అవి లైట్‌హౌస్ వెలుగువలె ఆగి ఆగి మనవైపు ప్రసరిస్తాయి. ఇదే ఎక్స్‌రే పల్సార్. వేలా ఎక్స్-1 అనే పల్సార్ సుమారు 283 సెకన్లకు ఒక భ్రమణం, దాదాపు 9 రోజులకు ఒక ప్రదక్షిణం పూర్తిచేస్తుంది.

ఎక్స్ కిరణాలను భూవాతావరణం అడ్డగిస్తుంది; కనుక వాటిని అంతరిక్షం నుంచే పరిశీలించాలి. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్ పరికరాన్ని బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ ఇస్రో తోడ్పాటుతో నిర్మించింది. కిరణాలు ధ్రువం నుంచి సూటిగా వెలువడుతున్నాయా, విసనకర్రవలె పక్కలకు విచ్చుకొంటున్నాయా అన్నది శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న. కిరణాల కంపన దిశను, అంటే ధ్రువణాన్ని, కొలిచి దీనిని తేల్చవచ్చు. పోలిక్స్ చేసే పని ఆ కొలతే.