క్షీరదాల్లో కంటి వికాసం: సంకేత జన్యువుల పాత్ర

క్షీరదాల పిండంలో రెండు కళ్ళకూ మూలం ఒక్కటే. మెదడుగా మారబోయే నాడీ ఫలకం ముందుభాగంలో, నడిమిగీతకు అటూ ఇటూ పరచుకున్న ఆ కణసమూహాన్ని నేత్రక్షేత్రం అంటారు. దాన్ని రెండుగా చీల్చే పని సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుది. ఫలకం కింది కణజాలం నుంచి ఈ జన్యువు తాలూకు ప్రొటీన్ వెలువడి నడుమ ఉన్న కణాలను చేరగానే వాటిలో కంటి ఏర్పాటుకు కీలకమైన పాక్స్6 జన్యువు అణగిపోతుంది. కన్నుగా మారే కణాలు ఇరుపక్కలా మాత్రమే మిగులుతాయి.

ఈ సంకేతం అందకపోతే ఏమవుతుందో శాస్త్రవేత్తలకన్నా ముందు గొర్రెల కాపరులు చూశారు. 1950లలో అమెరికాలోని ఐడహో కొండల్లో కొన్ని గొర్రెపిల్లలు ముఖం నడుమ ఒకే కన్నుతో పుట్టాయి. చూలు గొర్రెలు 14వ రోజు ప్రాంతంలో వెరాట్రమ్ కాలిఫోర్నికమ్ అనే మొక్కను మేయడమే ఇందుకు కారణమని తేలింది. అందులోని సైక్లోపమైన్ అనే విషం కణాలకు హెడ్జ్‌హాగ్ సంకేతం పట్టకుండా చేస్తుందన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ బయటపడలేదు. ఆ జన్యువు లేని ఎలుకల పిండాల్లోనూ 1996లో ఇదే లోపం కనిపించింది.

విడిపోయిన రెండు భాగాలూ తిత్తుల్లా ఉబ్బి, తల పైపొరను తాకుతాయి. ఆ పొర అక్కడ మందమై కటకంగా మారాలంటే తిత్తిలో బీఎంపీ4 జన్యువు పనిచేయాలి. చుట్టుపక్కల చర్మంలో కటకం పుట్టకుండా డబ్ల్యుఎన్‌టీ సంకేతం ఆపుతుంది. పైపొర వైపు నుంచి ఎఫ్‌జీఎఫ్ అనే సంకేతం అందుకున్న తిత్తి కణాలు రెటీనా అవుతాయి, తక్కినవి దాని వెనుక నల్లని వర్ణక పొర అవుతాయి. విచిత్రమేమిటంటే, ఇదే ఎఫ్‌జీఎఫ్ కటకం వెనుకభాగపు కణాలను పొడవాటి తంతువులుగా సాగదీస్తుంది. సంకేతం ఒక్కటే అయినా, దాని ఫలితం అందుకునే కణాన్ని బట్టి ఉంటుంది.

పాక్స్6 స్వయంగా సంకేతం కాదు, ఇతర జన్యువులను నడిపే నియంత్రకం. దాని రెండు ప్రతుల్లో ఒకటి చెడితే మనుషుల్లో కనుపాప చుట్టూ ఉండే రంగు పొర ఏర్పడదు. ఎలుకల్లో కళ్ళు చిన్నవవుతాయి.

తిత్తి ముడుచుకుని ఏర్పడే కంటి గిన్నె అడుగున ఉండే చీలిక మనుషుల్లో ఏడో వారానికల్లా మూసుకోవాలి. లేకుంటే కొలబోమా అనే లోపం మిగులుతుంది. ఈ దశలో విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం కీలకం. ఆ విటమిన్ కొరవడిన పందులకు కనుగుడ్లు లేని పిల్లలు పుట్టినట్టు 1930లలోనే టెక్సస్‌లో నమోదైంది.

పైపొర తాకితేనే తిత్తి గిన్నెలా ముడుచుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2011లో జపాన్ శాస్త్రవేత్త యోషికి ససాయి బృందం ఎలుక పిండపు మూలకణాలను పెంచినప్పుడు, కటకం గానీ చర్మం గానీ లేకుండానే కంటి గిన్నె తనంతట తాను రూపుకట్టింది.