సిపాయి పదో వంతు: చర్చి లెక్కల్లో కనపడని చరిత్ర

తెలుగు నేల మీద క్రైస్తవ సంఘాల చరిత్ర అనగానే మనకి ముందు దొరల పేర్లు చెబుతారు. ఏ మిలటరీ ఆఫీసరు ఎంత చందా ఇచ్చాడో పుస్తకాల్లో వుంటుంది. మద్రాసు సైన్యంలో కెప్టెన్‌గా వున్న విలియం హిల్ ఇచ్చిన సొమ్ముతో 1840లలో నాగపూర్‌లో స్కాట్లండ్ మిషన్ మొదలైంది. గోదావరి మీద పడవల దారి పనులు చూసిన ఇంజనీరు హేగ్, తర్వాత జనరల్ అయినవాడు, చొరవ తీసుకోబట్టి 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం మిషన్ వచ్చింది. ఇవన్నీ నిజాలే. కానీ అదే సైన్యంలో తుపాకీ మోసిన, దారులు తవ్విన, బ్యాండు వాయించిన అంటరాని కులాల క్రైస్తవుడు కూడా కానుక వేశాడు. అతని లెక్క ఎక్కడ?

బైబిల్లో కూడా పేరుకెక్కిన మిలటరీ దాత కొర్నేలి అనే శతాధిపతే, అంటే ఆఫీసరే. అయితే పేరు లేని బీద విధవరాలి రెండు కాసులు కూడా ఆ గ్రంథంలో వున్నాయి. మన సంఘాల చరిత్ర రాసినవాళ్లు శతాధిపతిని పట్టుకున్నారు, రెండు కాసుల్ని వదిలేశారు.

ఆ కాసుల విలువ తెలియాలంటే ముందు ఊరిని చూడాలి. ఊళ్లో దానం ఇచ్చేవాడు భూమి వున్నవాడు, పుచ్చుకునేవాడు బ్రాహ్మడు. మాల మాదిగలకి దక్కింది వెట్టి, కల్లంలో మేర గింజలు. గుడి మెట్టు ఎక్కనివ్వని మనిషి దేవుడికి ఇచ్చేదేముంటుంది? ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అన్నది కులం నేర్పిన లెక్క. కానుక సంచిలో అణా వేసిన రోజున ఆ లెక్క తిరగబడింది. అతను మొదటిసారి ఇచ్చేవాడయ్యాడు. దీన్ని ఒక్క భక్తి విషయంగానే చూస్తే సగమే చూసినట్టు.

ఆ అణా కూడా దొర ఇచ్చింది కాదు, భూస్వామి విదిల్చింది కాదు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం. అయితే సైన్యం గేటు అందరికీ ఒకేలా తెరవలేదు. బెంగాల్ సైన్యంలో ప్రభుదీన్ అనే బ్రాహ్మణ నాయక్ 1819లో మీరట్‌లో బాప్తిస్మం తీసుకుంటే అతన్ని పటాలం నుంచి తప్పించారు. మద్రాసు సైన్యంలో అట్లా కాదు. అక్కడి జాబితాల్లో ముసల్మాన్లు, తెలింగాలు, తమిళులతో పాటు క్రైస్తవులకి కూడా ఒక గడి వుండేది.

జీతం ఎంత? 19వ శతాబ్దంలో చాలాకాలం సిపాయికి నెలకి 7 రూపాయలు. 1895లో 9, 1911లో 11 అయింది. తిండి ఖర్చు అందులోంచే. మద్రాసు సిపాయిల పెళ్లాం పిల్లలు కూడా పటాలం లైన్లలోనే వుండేవాళ్లు. 7 రూపాయల్లో దశమ భాగం అంటే 11 అణాల పైచిలుకు. అది దొర గారి వేల రూపాయల చందా లాంటిది కాదు, పిల్లల కంచంలోంచి తీసింది. 1880లో మనియార్డర్లు వచ్చాక దూరాన వున్న సిపాయి డబ్బు పల్లెకి చేరే దారి కూడా ఏర్పడింది.

ఈ జీతం వెనక ఇంకో నిజం వుంది. బర్మా యుద్ధాల్లో మద్రాసు సైన్యం పరాయి జనాన్ని లోబరచుకోడానికి వెళ్లింది. కులం నుంచి తప్పించుకునే దారి సామ్రాజ్యం గుండా పోయింది. దాన్ని దాచిపెట్టి గొప్పలు చెప్పుకోనక్కరలేదు.

ఆ దారీ ఎంతోకాలం నిలవలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, తర్వాత 1893 దాకా దేశం మొత్తానికి సేనాధిపతిగా చేసిన రాబర్ట్స్ యుద్ధ జాతుల సిద్ధాంతాన్ని నడిపించాడు. పంజాబీలు, గూర్ఖాలు వీరులు, దక్షిణాదివాళ్లు పనికిరారు అన్నారు. 1890లు వచ్చేసరికి తెలుగువాళ్లకీ, బొంబాయి వైపు మహర్లకీ తలుపులు మూసుకున్నాయి. సాపర్లు, పయనీర్లు లాంటి కొన్ని దళాలే మిగిలాయి. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు కాబట్టి ఈ దెబ్బ ఆయన ఇంటిదాకా తగిలింది.

జీతం పోయినా కానుక ఆగలేదు. గూడేల్లో అది గుప్పెడు బియ్యంగా, కోడిపెట్టగా, గుడ్లుగా సాగింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలే. బీదవాడు కూడా ఇవ్వాలి, సంఘం సొంత కాళ్ల మీద నిలబడాలి అన్నది ఆయన పట్టు. ఇది మంచి మాటే. కానీ ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు కూడా వుండాలి కదా! ఆ రెండో మాట మన సంఘాల్లో ఎంత వినపడింది?

రెండో ప్రపంచ యుద్ధం మళ్లీ తలుపు తీసింది. 1941లో మహర్ రెజిమెంట్ వచ్చింది. పంజాబ్ తర్వాత ఎక్కువమందిని పంపింది మద్రాసు రాష్ట్రమే. పల్లెలకి మళ్లీ మిలటరీ డబ్బు వచ్చింది.

తర్వాత 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు, క్రైస్తవులకి సడలించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో మనల్ని బీసీ-సి కింద చేర్చి ఒక్క శాతం ఇచ్చారు. అప్పటినుంచి చర్చి రసీదు మీద పేరు రాయించుకోవడమంటే సర్టిఫికెట్‌కి ఎసరు తెచ్చుకోవడమే అన్న భయం పట్టుకుంది. ఒకప్పుడు సైన్యం జాబితాలో క్రైస్తవుడని రాయించుకుని కానుక వేసినవాడి మనవడు, ఇప్పుడు రసీదులో ఒక సహోదరుడు అని రాయమంటున్నాడు. తాత పేరు చరిత్రకారుడు రాయలేదు. మనవడి పేరు చట్టం రాయనివ్వడం లేదు.

అందుకే పల్లె చర్చిల పాత లెక్కల పుస్తకాలు, మనియార్డర్ కూపన్లు, పింఛను కాగితాలు చెదలు పట్టకముందే మనం చూడాలి. కానీ వాటిలో బతికున్నవాళ్ల పేర్లు బయటపెట్టి ఎవరి కూడూ పోగొట్టకూడదు. పోయినవాళ్ల అణాలు మాత్రం అణా అణా లెక్కగట్టాలి. మనం ఎవరి ధర్మం మీదా బతకలేదు, మన గుళ్లు మనమే నిలబెట్టుకున్నాం అని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?