పేరు పెట్టి పిలిచినవాడు

చెరువు కట్ట మీద జనం గుమిగూడారు. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లు ఒక పక్క, వీళ్లకేం పోయేకాలం వచ్చిందో చూద్దామని వచ్చినవాళ్లు ఇంకో పక్క.

1920లనాటి మాట. ఇవాళ్టి మరిపెడ, డోర్నకల్ మండలాలున్న నేల అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. ఈ దృశ్యంలో మనుషుల పేర్లు లేవు, మాటలు ఊహించి రాసినవి. పద్ధతులు మాత్రం ఆనాటి డోర్నకల్ సంఘానివే.

వరసలో మొదటివాడు వెట్టి మాదిగ. దొర కబురంపితే చేతిలో పని వదిలేసి పరుగెత్తడమే తప్ప, ఎదురు నిలబడి మాట్లాడి ఎరగడు. నెలల తరబడి పొలం పని ముగించుకొచ్చి, పొద్దుపోయాక లాంతరు వెలుగులో పంతులు ముందు కూర్చున్నాడు. చదువు రాదు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం విని విని కంఠతా పట్టాడు. కల్లు మానేశాడు. చచ్చిన గొడ్డు మాంసం ముట్టనన్నాడు.

"ఎందుకు వచ్చావు?" అడిగారు బిషప్‌గారు.

"అయ్యా, నన్ను ఒరేయ్ అనేటోళ్లే గని పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. యేసయ్య పేరు పెట్టి పిలుస్తడని పంతులు చెప్పిండు."

నీళ్లలోంచి పైకి లేచాక బిషప్‌గారు అతన్ని పంపెయ్యలేదు. తల మీద చెయ్యి పెట్టుకోమన్నారు. తాను బాప్తిస్మం పొందాననీ, ఈ శుభవార్త నలుగురికీ చెప్పకపోతే తన బతుక్కి అనర్థమేననీ అతని నోటితోనే పలికించారు. అంతవరకూ ఇతరుల ఆజ్ఞలు మోసిన మనిషికి ఆ రోజు సొంత సందేశం దక్కింది. దానం పుచ్చుకునేవాడిగా కాక, సాక్షిగా అతన్ని నిలబెట్టారు.

ఆ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. 1903లో అక్కడి క్రైస్తవులు సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి మన మానుకోట ప్రాంతానికి సేవకుల్ని పంపారు. 1909లో అజరయ్యే స్వయంగా డోర్నకల్ వచ్చేశారు. తమిళ బిడ్డ తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల త్యాగానికి దండం పెట్టి, వారి ముఖం మీదే ఒక మాట అడిగారు: మాకు స్నేహితులు కావాలని. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగూ పల్లెను పట్టి పీడించే శత్రువులని ఆయన చెప్పేవారు. సంఘాన్ని పరాయి సొమ్ముతో నడపకూడదన్నది ఆయన పట్టుదల. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంటామె ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆ బియ్యం గుడికి చేరేది. గంజికే కటకటగా ఉన్న ఇంట్లో, ఆమె చెయ్యి మొదటిసారి ఇచ్చే చెయ్యి అయింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ కూడా ఈ నేల పోలికలతోనే లేచింది. అందులో గుడి స్తంభాలున్నాయి, మసీదు గుమ్మటాలున్నాయి, నడుమ సిలువ ఉంది.

మాలమాదిగల బతుకులో వచ్చిన ఈ మార్పు చూసే, అదే ఊళ్లలోని రైతు కులాలవాళ్లు కొందరు సంఘంలో చేరారు. వాళ్లకు ప్రసంగం చేసింది తమ పొలంలో పనిచేసిన కూలివాడి నడవడి.

1936లో అమెరికా క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగారు. అంటరానివాళ్లలో కొందరి గ్రహింపు అంతకన్నా తక్కువన్నారు. ఆ మాట తప్పని చెరువు కట్ట మీది మనిషే చెబుతాడు. తనకేం కావాలో తెలిసే వచ్చాడతను.

సంఘంలో కులం లేదని నేననను. క్రైస్తవులమైతే మేమంతా ఒకే సంఘంగా ఉండగలమా, కులవివక్ష పోతుందా అని అంబేడ్కర్ అడిగినప్పుడు, అవునని చెప్పలేక సిగ్గుతో తలవంచానని అజరయ్యే చెప్పుకున్నారు. ఒకే సంఘం కోసం ఆయన పడిన పాటు, 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాక, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. కులం మాత్రం ఇంకా మన మెడ మీదే ఉంది. ఆ సిగ్గు మనకూ ఉండాలి.

మరి ఎందుకు క్రైస్తవుడు కావాలి? లాభం కోసమైతే వద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. తెలంగాణలో అతను బీసీ-సీ. బియ్యం కోసమో బడి సీటు కోసమో వస్తే, అవి అందిన రోజే ఆ విశ్వాసం చల్లారిపోతుంది. నేను చెప్పే కారణం ఒక్కటే. వెట్టివాడి పక్కన కూర్చుని భోంచేసే దేవుడు, పాపం క్షమించి పేరు పెట్టి పిలిచే దేవుడు, ఆ వెంటనే పని అప్పజెప్పే దేవుడు క్రీస్తులో ఉన్నాడని నేను నమ్ముతున్నాను. ఆయన వెంట నడిస్తే ఎవరికీ బానిసగా ఉండనక్కర్లేదు, ఎవరినీ బానిసగా చూసే హక్కూ ఉండదు. ఆ రెండో మాటకు కూడా సిద్ధపడి రండి.