ద్రాక్షారామం ఎవరి స్మారకం?

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో అడుగుపెట్టిన యాత్రికుడికి చరిత్ర రెండు ముక్కల్లో దొరుకుతుంది. చాళుక్య భీముడు కట్టించాడన్నది ఒకటి, శ్రీనాథుడు 'భీమేశ్వర పురాణం'లో కీర్తించాడన్నది రెండోది. రెంటినీ కాదనక్కర్లేదు. కాని 892లో గద్దెనెక్కిన ఆ రాజుకూ, పదిహేనో శతాబ్దానికి చెందిన ఈ కవికీ మధ్య అయిదు వందల ఏళ్లు గడిచాయి. అన్నేళ్లూ ఈ గుడిలో దీపం ఆరకుండా నెయ్యి పోసిందెవరు?

జవాబు కోసం ఎక్కడా తవ్వనక్కర్లేదు. అది స్తంభాల మీద, గోడల మీద చెక్కే ఉంది. ఈ ఒక్క ఆలయంలోనే మూడు వందలకు పైగా శాసనాలున్నాయి. చాళుక్య చోళులు, వెలనాటి చోడులు, తూర్పు గాంగులు, వారి మంత్రులు, సేనానులు, వర్తకులు, వారి ఇళ్ల ఆడవాళ్లు, అందరూ ఇక్కడ దాతలే.

సాహిత్య విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. చాలా శాసనాల్లో దాత వంశమూ, పరాక్రమమూ సంస్కృత శ్లోకంలో ఉంటాయి. ఎన్ని జీవాలు ఇచ్చారు, వాటిని ఎవరు తీసుకున్నారు, రోజుకు ఎంత నెయ్యి పోయాలి అన్న లెక్కలు తెలుగు వచనంలో ఉంటాయి. పొగడ్తకు ఒక భాష, పనికి మరొక భాష. తెలుగు వచన చరిత్ర రాసేటప్పుడు మనం కావ్యాల మధ్య వచనాలను వెదుకుతాం గాని, ఈ మందల లెక్కలను వచనంగా చూడం.

ఆ లెక్కలో ఒక ఆర్థిక వ్యవస్థ ఉంది. అఖండ దీపానికి దాత సాధారణంగా యాభై జీవాలను ఇస్తాడు. పేరు చివర 'బోయ' అని ఉన్న కాపరి వాటిని చేకొంటాడు. అతడూ, అతని కొడుకులూ, మనుమలూ రోజుకు మానెడు నెయ్యి గుడికి పోయాలి. మిగిలిన పాడీ, పెరిగిన మందా కాపరికి దక్కి ఉండవచ్చు. కనుక దీన్ని వట్టి వెట్టిచాకిరీ అనడం తొందరపాటే. అయినా 'ఆచంద్రార్కం' అని రాసుకున్నచోట కరువుకూ, పశువుల తెగులుకూ చోటు లేదు. ఒకసారి ఇచ్చిన పుణ్యం దాతది, తరతరాల బాధ్యత కాపరిది. భూస్వామ్య సంబంధాల గురించి మనం పుస్తకాల్లో చదివేది ఇక్కడ మనుషుల పేర్లతో సహా కనిపిస్తుంది.

సానుల సంగతీ అంతే. శాసనాల్లో 'సాని' గౌరవవాచకం. గుడి సానులు సొంత పేర్లతో, సొంత సొత్తుతో దానాలు చేశారు. ఆ మాటే తర్వాతి కాలంలో తిట్టుగా దిగజారింది. మద్రాసు ప్రభుత్వం 1947లో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దురాచారం పోవలసిందే. కాని దాతలుగా నిలిచిన ఆ స్త్రీల చరిత్ర కూడా దానితోపాటే మరుగున పడనక్కర్లేదు.

ఇక సంరక్షణ మాట. ఇది జాతీయ ప్రాముఖ్యం గల స్మారకమూ, నిత్యం పూజలందుకొనే గుడీ. కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనూ, పూజలూ ఉత్సవాలూ రాష్ట్ర దేవాదాయ శాఖ చేతిలోనూ ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం శాసనాన్ని కూడా ప్రాచీన స్మారకంగానే నిర్వచించింది. అంటే ఇక్కడ ప్రతి స్తంభం మీది రాతకూ చట్టం దృష్టిలో గుడికున్న విలువే ఉంది. కాని అయిదు ఆరామాలను ఒక్కరోజులో చుట్టబెట్టే బస్సులు కార్తీకంలో వరస కట్టినప్పుడు, చమురు చేతులకూ, పసుపు కుంకాలకూ, కర్పూరం మసికీ ఆ చట్టం తెలియదు. భక్తుడిది తప్పనను. తాను చెయ్యి ఆనించిన రాతిమీద ఏముందో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒక కార్తీకంలో నేను అచ్చుప్రతి నకలు పట్టుకొని ఒక స్తంభం దగ్గర అక్షరాలు కూడబలుక్కుంటూ ఉండగా, ఒక ముసలమ్మ ఆగింది.

"అందులో ఏటి రాసుందండీ? దేవుడి మంత్రాలాండీ?"

"కాదమ్మా, గొర్రెల లెక్క. కాపరి పేరు కూడా ఉంది."

"మా తాతలూ గొర్రెలు కాసినోళ్లేనండీ," అని, స్తంభానికి ఆనించిన చెయ్యి తీసేసింది. తర్వాత కొంగుతో ఆ చోటు తుడిచింది.

ఏ హెచ్చరిక బోర్డూ చెయ్యలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది. స్మారకాన్ని కాపాడడమంటే కంచె వేయడం, కాపలా పెట్టడం మాత్రమే కాదు. అది ఎవరిదో వాళ్లకు చదివి చెప్పడం కూడా.

ఈ శాసనాల మూలపాఠాలు 'దక్షిణ భారత శాసనాలు' నాలుగో సంపుటంలో 1923లోనే అచ్చయ్యాయి. అందులో పాఠమే గాని అనువాదం లేదు. నూరేళ్లు దాటినా అవి పండితుల బీరువాల్లోనే ఉన్నాయి. ముఖ్యమైన ఓ యాభై శాసనాలనైనా నేటి తెలుగులోకి తెచ్చి, ఆయా స్తంభాల పక్కన చదువుకొనేటట్టు పెట్టాలని రెండు శాఖలనూ అడగాలి. అడిగి ఊరుకోకుండా, తిరగరాసే పనిలో రచయితలూ తెలుగు విద్యార్థులూ పాలు పంచుకోవాలి. రాజుల పేర్లు ఎలాగూ నిలిచాయి. బోయల పేర్లూ, సానుల పేర్లూ రాయి అరిగేలోగా మనం చదువుకోవాలి.