మేజర్ సోమనాథ్ శర్మ: బడ్గాంలో ఆరు గంటలు

తొలి పరమవీర చక్ర గ్రహీత ఎవరని అడిగితే మీరు ఆలోచించకుండానే మేజర్ సోమనాథ్ శర్మ అని చెప్పేస్తారు. ఆ ఒక్క బిట్టు కోసమే అయితే ఈ వ్యాసం చదవనక్కర్లేదు. కానీ మెయిన్స్‌లో స్వాతంత్ర్యానంతర ఏకీకరణ గురించి రాస్తున్నప్పుడో, ఎథిక్స్ పేపర్‌లో ధైర్యానికి ఉదాహరణ ఇవ్వాల్సి వచ్చినప్పుడో మరో ప్రశ్న ఎదురవుతుంది. ఆయన ప్రాణత్యాగం వల్ల ఏం మారింది? "దేశం కోసం ప్రాణాలర్పించారు" అని రాసి వదిలేస్తే అది జవాబు కాదు. ఆ రోజు ఆయన దేశానికి సంపాదించి పెట్టినది ఏమిటో చెప్పగలగాలి. అది కొన్ని గంటల సమయం. ఆ సమయానికి ఎందుకంత విలువో తెలియాలంటే ముందు నేపథ్యం చూడాలి.

నేపథ్యం: 1947 అక్టోబర్

1947 ఆగస్టు 15 నాటికి ఎటూ తేలని సంస్థానాలు ప్రధానంగా మూడు: జునాగఢ్, హైదరాబాద్, జమ్మూ కాశ్మీర్. అక్టోబర్ 22న పాకిస్తాన్ అండతో గిరిజన లష్కర్లు ముజఫరాబాద్ మీదుగా కాశ్మీర్‌లోకి చొరబడ్డాయి. ముజఫరాబాద్ నుంచి ఉరి, బారాముల్లా మీదుగా శ్రీనగర్‌కు జీలం లోయ వెంట మంచి రోడ్డు ఉంది. లారీల్లో వస్తే శ్రీనగర్ చేరడం రోజుల పని కూడా కాదు.

మహారాజా హరిసింగ్ అక్టోబర్ 26న విలీన పత్రంపై సంతకం చేశారు. మర్నాడు ఉదయమే ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో 1వ సిక్కు బెటాలియన్ జవాన్లు శ్రీనగర్‌లో దిగారు. విమానాల్లోనే ఎందుకు? మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. లోయకు ఉన్న మంచి రోడ్లు పాకిస్తాన్ వైపు నుంచే ఉన్నాయి. మన వైపు నుంచి ఉన్న దారి బనిహాల్ కనుమ మీదుగా వెళ్లాలి. అది దూరం, ఇరుకు. చలికాలంలో మంచు పడితే మూసుకుపోతుంది. అంటే శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ పోతే కొత్తగా ఒక్క జవానును కూడా సమయానికి లోయలో దించలేం. యుద్ధమంతా ఆ రన్‌వే మీద ఆధారపడి ఉంది.

సోమనాథ్ శర్మ ఎవరు?

1923 జనవరి 31న కాంగ్రా ప్రాంతంలోని దాఢ్‌లో పుట్టారు. అది ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. సైనిక కుటుంబం. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైనిక వైద్య విభాగంలో మేజర్ జనరల్ స్థాయికి ఎదిగారు. తమ్ముడు వి.ఎన్. శర్మ తర్వాతి కాలంలో, 1988 నుంచి 1990 వరకు, సైన్యాధిపతిగా పనిచేశారు.

సోమనాథ్ 1942లో 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు చెందిన 8వ బెటాలియన్‌లో అధికారిగా చేరారు. ఈ పేరు చూసి మీకు సందేహం రావాలి. కాంగ్రా కుర్రాడికి హైదరాబాద్‌తో ఏం సంబంధం? ఈ రెజిమెంట్ మూలాలు హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ నిజాం సొమ్ముతో తయారుచేసిన దళాల్లో ఉన్నాయి. అవే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయ్యాయి. దాని ఖర్చుల బాకీ కిందే 1853లో బీరారు నిజాం చేయి జారింది. ఆధునిక చరిత్రలో మీరు చదివే ఉంటారు. కాలక్రమంలో రెజిమెంట్‌లో కుమావూ ప్రాంతపు సైనికులు, అహీర్లు ఎక్కువయ్యారు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది.

ఇందులో ఒక చారిత్రక విచిత్రం ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ పేరు మోసిన రెజిమెంట్ కాశ్మీర్‌ను నిలబెట్టడానికి పోరాడుతున్న ఆ నవంబర్ మొదటి వారానికి హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు. యథాతథ ఒప్పందం మీద నిజాం సంతకం పెట్టింది కూడా ఆ నెల 29న.

రెండో ప్రపంచ యుద్ధంలో సోమనాథ్ బర్మాలోని అరకాన్ ప్రాంతంలో జపాన్ సేనలతో పోరాడారు. బడ్గాం వెళ్లేనాటికి ఆయన యుద్ధం చూసిన అధికారే. వయసు మాత్రం 24 ఏళ్లు.

నవంబర్ 3: బడ్గాం

4వ కుమావూ బెటాలియన్ అక్టోబర్ చివరి రోజున శ్రీనగర్ చేరింది. అంతకుముందు హాకీ ఆడుతూ సోమనాథ్ చేయి విరగ్గొట్టుకున్నారు. ఎడమ చేతికి ప్లాస్టర్ ఉంది. ఢిల్లీలో ఉండిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. పట్టుబట్టి తన డి కంపెనీతో పాటు వెళ్లారు.

ఎయిర్‌ఫీల్డ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బడ్గాం గ్రామం ఉంది. లష్కర్లు ఆ వైపు వస్తున్నారేమో చూడటానికి 161 బ్రిగేడ్ కమాండర్ ఎల్.పి. సేన్ నవంబర్ 3న మూడు కంపెనీలను గస్తీకి పంపారు. మధ్యాహ్నం దాకా శత్రువు జాడ లేదు. రెండు కంపెనీలు వెనుదిరిగాయి. మూడు గంటల దాకా ఉండి రమ్మని శర్మ కంపెనీకి చెప్పారు.

రెండున్నర దాటాక గ్రామంలోని ఇళ్ల వైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉంటారని అటు ఎదురుకాల్పులు జరపడానికి శర్మ వెనుకాడారు. ఈలోగా గుల్‌మార్గ్ వైపు నుంచి సుమారు 700 మంది మోర్టార్లు, మెషిన్ గన్లతో మూడు వైపులా కమ్ముకున్నారు. ఒక్కో జవానుకు ఏడుగురు శత్రువులన్నమాట.

ఆ తర్వాత ఆయన ఏం చేశారో ప్రశంసా పత్రం వివరంగా చెబుతుంది. తూటాల మధ్య ఆరుబయట పరిగెత్తుతూ ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు వెళ్లి జవాన్లను నిలబెట్టారు. మన విమానాలకు లక్ష్యం తెలిసేలా శత్రువు కళ్లముందే నేల మీద గుడ్డ పట్టీలు పరిచారు. మనుషులు తగ్గిపోయి లైట్ మెషిన్ గన్ల జోరు మందగిస్తుంటే ప్లాస్టర్ చేత్తోనే మ్యాగజైన్లలో తూటాలు నింపి గన్నర్లకు అందించారు. శత్రువు 50 గజాల దూరంలో ఉన్నాడని, తాము సంఖ్యలో చాలా తక్కువని, అయినా అంగుళం కూడా వెనక్కి తగ్గేది లేదని, చివరి మనిషి, చివరి తూటా వరకు పోరాడతామని బ్రిగేడ్‌కు సందేశం పంపారు. కాసేపటికే పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ గుండు పడి పేలింది. శర్మ ప్రాణాలు కోల్పోయారు. ఆయనతో పాటు ఆ పోరులో ఒక జేసీఓ, 20 మంది జవాన్లు అమరులయ్యారు. బిట్లలో వాళ్ల పేర్లు రావు. మీ జవాబులో మాత్రం వాళ్లకు చోటివ్వండి.

ఆ గంటల విలువ

ఈ పోరు వల్ల శత్రువు ముందడుగు ఆరు గంటలు ఆలస్యమైందని ప్రశంసా పత్రం పేర్కొంది. ఆలోపు మన అదనపు బలగాలు ఎయిర్‌ఫీల్డ్ పక్కనున్న హుమ్‌హమా వద్ద సర్దుకోగలిగాయి. రన్‌వే దక్కింది. దాని మీదే మరిన్ని బలగాలు దిగాయి. నవంబర్ 7న షాలటెంగ్ వద్ద లష్కర్లు చిత్తుగా ఓడారు. మర్నాడు బారాముల్లా మన చేతికి వచ్చింది.

అయితే "శర్మ ఒక్కరే కాశ్మీర్‌ను కాపాడారు" అని రాయకండి. అది అతిశయోక్తి. ఆయన పోరాటం ఒక గొలుసులో ఒక కొక్కెం. ఉరి దగ్గర సంస్థాన సైన్యాధిపతి బ్రిగేడియర్ రాజిందర్ సింగ్ కొద్దిమందితో వంతెన పేల్చి, పోరాడుతూ ప్రాణాలిచ్చారు. తొలి మహావీర చక్ర ఆయనదే. బారాముల్లాలో లష్కర్లు లూటీలో పడి విలువైన కాలం పోగొట్టుకున్నారు. ఆ ఊరి యువకుడు మక్బూల్ షేర్వానీ వాళ్లను తప్పుదారి పట్టించి, చివరకు వాళ్ల చేతిలోనే హతమయ్యాడు. 1వ సిక్కు కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ దేవాన్ రంజిత్ రాయ్ విమానం దిగిన వెంటనే బారాముల్లా వైపు ఎదురెళ్లి నేలకొరిగారు. ఒకరు డోగ్రా రాజపుత్రుడు, ఒకరు కాశ్మీరీ ముస్లిం, ఒకరు కాంగ్రా బ్రాహ్మణుడు. ఒక్కొక్కరు కొన్ని గంటలు, కొన్ని రోజులు సంపాదించారు. శ్రీనగర్ నిలిచింది ఆ కూడిక వల్ల.

పతకం వెనుక

పరమవీర చక్రను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. దాన్ని రూపొందించింది స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన సావిత్రీబాయి ఖనోల్కర్. కంచు బిళ్ల మీద నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. దధీచి మహర్షి తన వెన్నెముకనే ఇంద్రుడికి ఆయుధంగా ఇచ్చిన కథ మనకు తెలిసిందే. ఇంకో సంగతి: తొలి పతకం పొందిన సోమనాథ్ తమ్ముడు సురీందర్‌నాథ్ శర్మే సావిత్రీబాయి అల్లుడు.

ఎథిక్స్ కోణం

ఆయనకు అందిన ఆదేశం మూడు గంటల దాకా ఉండమని. గడియారం చూసుకుని వెనక్కి వచ్చినా ఆదేశం పాటించినట్టే. కానీ ఆ ఆదేశం ఎందుకిచ్చారో ఆయనకు తెలుసు. తాను కదిలితే తన వెనుక ఎయిర్‌ఫీల్డ్‌కు దారి తెరుచుకుంటుంది. అందుకే ఆయన ఆదేశంలోని మాట దగ్గర ఆగకుండా దాని ఉద్దేశాన్ని పాటించారు. రేపు మీరు తహసీల్దారు కుర్చీలోనో కలెక్టర్ కుర్చీలోనో కూర్చున్నప్పుడు ఫైలు మీద ఈ తేడా చాలాసార్లు ఎదురవుతుంది. అలాగే ఇళ్ల వైపు కాల్చడానికి ఆయన వెనుకాడటం కూడా గమనించండి. ధైర్యం, నిగ్రహం రెండూ ఒకే మనిషిలో, ఒకే మధ్యాహ్నం కనిపిస్తాయి.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి

- 1947–48 యుద్ధంలో పరమవీర చక్ర పొందినవారు ఐదుగురు: సోమనాథ్ శర్మ, జదునాథ్ సింగ్, రామ రాఘోబా రాణే, పీరూ సింగ్, కరమ్ సింగ్. రాణే, కరమ్ సింగ్ జీవించి ఉండగానే అందుకున్నారు.
- కాశ్మీర్ అంశాన్ని భారత్ 1948 జనవరి 1న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తీసుకెళ్లింది. 1949 జనవరి 1న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది.
- 2023 జనవరిలో అండమాన్ నికోబార్‌లోని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. వాటిలో పెద్దదానికి సోమనాథ్ శర్మ పేరు పెట్టారు.

సాధన ప్రశ్న: "1947లో శ్రీనగర్‌ను నిలబెట్టినది సైనిక బలం కంటే సమయం." చర్చించండి. 250 పదాల్లో రాసి చూడండి. రాసేటప్పుడు మొదటి పేరాలోనే మ్యాపు గుర్తుకు రావాలి, చివరి పేరాలో మనుషులు గుర్తుకు రావాలి.